కండక్టర్ స్వరూప రాయని జవాబు

వనపర్తి కోర్టుకు ఎదురుగా నాకో టైపింగ్ షాపు ఉంది. నా పేరు వెంకటన్న. ముప్పై ఏళ్ల నుంచి అర్జీలు, అఫిడవిట్లు, పెండ్లి పత్రికలు కొడుతున్నాను. నా నోరు మంచిది కాదని ఊళ్లో అంటారు. అనుకోనీ. తప్పుల తడకగా రాసుకొచ్చి టైపు చేయమంటే, ప్లీడరైనా సరే, కాగితం చేతిలో పెట్టి బయటికి పంపిస్తాను. అలాంటి నేను కిందటేడు ఒక ఘనకార్యం చేశాను. ఒక మనిషికి ఇన్నాళ్లకు దొరికిన ఒక్క మంచి సంగతిని నా చేత్తో పాడుచేయబోయాను. ఆ మనిషి స్వరూప. కాబట్టి ఇది నా కథ కాదు, స్వరూప కథ. మధ్యలో తిట్లు వినిపిస్తే అవి చాలావరకు నన్ను నేను తిట్టుకున్నవే.

స్వరూప వనపర్తి డిపోలో కండక్టరు. వయసు నలభై నాలుగు. పుట్టింది ఉప్పునుంతల దగ్గర ఒక పల్లె. తండ్రి కౌలుకు భూమి చేసేవాడు, అయినా బిడ్డను ఇంటర్ దాకా చదివించాడు. పెండ్లయింది, జ్యోతి అని ఒక్కతే కూతురు. భర్త లారీ మెకానిక్. కామెర్లు ముదిరి పదేళ్ల కిందట పోయాడు. పదిహేనో రోజున స్వరూప ఖాకీ చొక్కా వేసుకుని మళ్లీ డ్యూటీ ఎక్కింది. ఇప్పుడు జ్యోతి నాగర్‌కర్నూల్‌లో నర్సింగు చదువుతోంది.

వనపర్తి నుంచి గద్వాలకు పోయే ఆమె బస్సు ఎక్కి చూడాలి మీరు. ఆడవాళ్లకు టికెట్టు లేకుండా చేసినప్పటి నుంచి ఆ బస్సులో కాలు పెట్టే సందు ఉండదు. ఆ గుంపులో ఈమె చేపలా ఈదుతూ, చేతి మిషన్లోంచి జీరో టికెట్లు చించి ఇస్తూ కేక పెడుతుంది.

"ముందుకు జరుగుండ్రమ్మా! ముందట అంత ఖాళీనే ఉంది, కబడ్డీ ఆడొచ్చు. ఓ పెద్దమనిషీ, గా మూట ఒళ్లె పెట్టుకో, దానికి గూడ సీటు గావాల్నా ఏంది?"

తాగి ఎక్కినవాడు కూడా ఆమె ముందు తల దించుకుని నిలబడతాడు. ఇంత గలగలా మాట్లాడే మనిషి ఇంటికి పోతే మాట్లాడటానికి ఎవరూ లేరని నాకు చాలాకాలం తోచలేదు. కూతురు హాస్టల్లో. ఇంట్లో తనొక్కతే. అందుకని రాయడం మొదలుపెట్టింది. గద్వాల బస్టాండులో అరగంట ఆగినప్పుడు, ఖాళీ బస్సులో డ్రైవరు వెనక సీట్లో కూచుని, పొడుగు నోటుబుక్కులో రాసుకునేది.

నాలుగేళ్ల కిందట ఒకరోజు ఆ నోటుబుక్కు పట్టుకుని నా షాపుకు వచ్చింది.

"అన్నా, గిది టైపు చేసిస్తవా? జర సదివి నవ్వొద్దు."

నవ్వడం మాట దేవుడెరుగు, మొదటి పేజీ అయిపోగానే రెండోది తిప్పేశాను. బస్సులో రోజూ ఒకే సీటు కోసం కొట్లాడుకునే ఇద్దరు ముసలమ్మల కథ. ఎంత బాగుందో చెప్పడం చేతకాక, రెండు అక్షర దోషాలు పట్టుకుని గట్టిగా అరిచాను. తర్వాత మెల్లగా, "వచ్చే ఆదివారం బీచుపల్లికి రా చెల్లె" అన్నాను.

బీచుపల్లిలో మా బృందం కూడుతుంది. నెలకో ఆదివారం, పొద్దున పది గంటలకు, ఆంజనేయస్వామి గుడికి అవతల కృష్ణ ఒడ్డున రేకుల షెడ్డులో. అందరం కలిపి ఐదుగురం. నేనున్నాను. నాగర్‌కర్నూల్ నుంచి హెప్సిబా వస్తుంది, పెద్ద దవాఖానలో నర్సు, నాకంటే పదేళ్లు చిన్నది, నోరు మాత్రం నాకంటే పెద్దది. అమ్రాబాద్ వైపు నుంచి బయన్న వస్తాడు. చెంచు మనిషి, అడవి శాఖలో పని, పులి అడుగుల లెక్క రాసే చేత్తోనే కథలూ రాస్తాడు. గద్వాల నుంచి శ్రీనాథ్ వస్తాడు, చీరలు నేస్తాడు. ఐదోది స్వరూప.

ఏడాదికొకటి అందరం కలిసి రాయడం మా అలవాటు. ఒక ఏడు కృష్ణకు వరద వచ్చిన రోజు గురించి గొలుసు కథ రాశాం. ఇంకో ఏడు ఒకే పెండ్లిని ఐదుగురం ఐదు వైపుల నుంచి రాశాం. కిందటేడు ఏం రాద్దామంటే హెప్సిబా చెయ్యి లేపింది.

"ప్రేమ గురించి రాద్దాం. గానీ అందరు రాసినట్ల గాదు. ప్రేమంటే సాంఘికమేనా? దయ్యం కథల ప్రేమ ఉండొద్దా? డిటెక్టివ్ కథల ఉండొద్దా?"

"అడివి కథల గూడ ఉంటది" అన్నాడు బయన్న.

"నాకు ప్రేమ చేతకాదమ్మా, కావాలంటే హత్య రాస్తాను" అన్నాను నేను. అందరూ నవ్వారు. నేను నిజంగానే అన్నాను.

చివరికి తేలింది ఇది. ఒకటే నవల. మహేష్, భవాని అని ఇద్దరు నడివయసు మనుషులు. ఐదు అధ్యాయాలు, ఒక్కో అధ్యాయం ఒక్కో రకం కథ. అడవి సాహసం, సైన్స్ కథ, దయ్యం కథ, డిటెక్టివ్, చివరిది సాంఘికం. ఎవరికి ఏది వస్తుందో చీటీలు తీశాం. ఎవరి చీటీ వాళ్లే చూసుకుని జేబులో పెట్టుకున్నారు.

ఇక్కడ మా పద్ధతి చెప్పాలి. లేకపోతే నేను చేసిన నిర్వాకం మీకు అర్థం కాదు. ఏ అధ్యాయం ఎవరు రాశారో పుస్తకం వచ్చేదాకా బయటపెట్టం. పేరు తెలిస్తే మొహమాటానికి పొగుడుతారు, లేదా పాత కోపం తీర్చుకుంటారు. అందుకని ప్రతివాళ్లూ చేత్తో రాసి, కవరు అంటించి, నాకు పంపాలి. నేను టైపు చేసి తెస్తాను. బీచుపల్లిలో మళ్లీ చీటీ తీసి, ఎవరికి వస్తే వాళ్లు పైకి చదవాలి. ముందువాళ్లు రాసింది తర్వాతివాళ్లు కొట్టేయకూడదు. కథ గురించి బయట ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. అంటే ఎవరు ఏది రాశారో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ గర్వం నాకు బాగా ఉండేది.

మొదటి అధ్యాయం బయన్నది. నల్లమలలో దారి తప్పిన మహేష్‌ను భవాని బయటికి తీసుకొస్తుంది. రెండోది, సైన్స్ కథ, శ్రీనాథ్‌ది.

శ్రీనాథ్ గురించి రెండు మాటలు. నలభై తొమ్మిదేళ్లు. ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందట పెండ్లయి, రెండేళ్లకే విడిపోయారు. మళ్లీ చేసుకోలేదు. ప్రతి శుక్రవారం నేసిన చీరలు వనపర్తిలో ఒక దుకాణానికి ఇచ్చి, మధ్యాహ్నం మూడు గంటల బస్సుకు, అంటే స్వరూప బస్సుకు, గద్వాల తిరిగిపోయేవాడు. ఒక్కో వాక్యం నాలుగుసార్లు తిరగరాస్తాడు. నోట్లోంచి మాట రావాలంటే మాత్రం ముహూర్తం పెట్టాలి. స్వరూపను 'మేడం' అంటాడు, ఆమె ఆయన్ను 'సార్' అంటుంది.

ఆయన రాసిన అధ్యాయంలో కృష్ణ మీద గాలిలో తేలిపోయే బస్సు ఉంది. దానికి భవాని కండక్టరు. మహేష్ మనిషి గొంతును గుడ్డలోకి నేసే మగ్గం కనిపెడతాడు. ఒక చీర నేసి ఆమెకు ఇస్తాడు. ఆమె కట్టుకోగానే ఆ చీర మాట్లాడుతుంది. "రోజూ అందరినీ వాళ్లవాళ్ల ఊళ్లలో దించుతారు. మీరు దిగే చోట మీకోసం ఎవరైనా నిలబడి ఉన్నారా? లేకపోతే నేను నిలబడనా?" అధ్యాయం అక్కడ ఆగిపోతుంది. భవాని జవాబు లేదు.

నేను దాన్ని టైపు చేశాను. ఎనిమిది పేజీలు. ఒక్కటంటే ఒక్క అనుమానం రాలేదు. 'ఆహా, కల్పన బాగుంది' అనుకున్నాను. నా బుద్ధి మండ!

ఆ నెల పైకి చదివే చీటీ స్వరూపకు వచ్చింది. చదువుతూ చదువుతూ ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి గొంతు పట్టుకుంది. సీసా తీసి నీళ్లు తాగింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ ఆగింది. శ్రీనాథ్ నేల వైపు చూస్తూ కూచున్నాడు. నేనేం చేశానో తెలుసా? "గొంతు సవరించుకుని చదువమ్మా, బస్సులో అంతగా అరుస్తావు గదా" అన్నాను.

మూడోది హెప్సిబా రాసిన దయ్యం కథ. భవాని చనిపోయిన భర్త ఆ గాలి బస్సు ఎక్కుతాడు. ఎవరికీ కనబడడు, ఆమెకొక్కదానికే కనబడతాడు. చివర్న, "నాకోసం సీటు ఆపకు, ఎవరన్నా కూసోనీ" అని చెప్పి దిగిపోతాడు. అది విని స్వరూప కొంగుతో కళ్లు తుడుచుకుంది. దయ్యం కథకు భయపడాలి గానీ ఏడవడం ఏమిటని నాకు చికాకు వేసింది.

ఇక నాలుగోది నాకు వచ్చింది. డిటెక్టివ్. నేను ఏ పని చేసినా గట్టిగా చేస్తాను. మూడు రోజులు షాపు మూసి స్వరూప బస్సులో తిరిగాను. కాగితం, పెన్ను పట్టుకుని పక్కన నిలబడి అడిగాను. జనాన్ని ఏ స్టేజీలో లెక్క పెడతావు? ఆ లెక్క ఏ కాగితంలో రాస్తావు? విజిలు ఎప్పుడు ఒకటి, ఎప్పుడు రెండు? చివరి స్టాపులో సీట్లన్నీ చూస్తావా? పాపం, ఆ గుంపులో, ఆ చెమటలో అన్నీ ఓపిగ్గా చెప్పింది.

"గివన్ని ఎందుకన్నా నీకు?"

"ఊరికే."

"ఊరికే అయితే సరే తియ్యి" అని నవ్వింది. నాలుగోది నాదని ఆమెకు అప్పుడే అర్థమైంది. పద్ధతి ప్రకారం నోరు మూసుకుంది.

నా అధ్యాయంలో మహేష్ భవాని బస్సు ఎక్కి చివరి సీట్లో కూచుంటాడు. చివరి స్టాపులో అందరూ దిగుతారు, అతను దిగడు. భవాని వెళ్లి భుజం తట్టి లేపబోతే చచ్చిపోయి ఉంటాడు. హంతకుడెవరనేది పక్కన పెట్టండి. నేను బాగా మురిసిపోయిన వాక్యం ఒకటుంది. 'భవాని కంట తడి పెట్టలేదు. కాగితం తీసి, ఒకరు తగ్గారని రాసుకుని, విజిలు వేసింది.' ఎంత కఠినంగా, ఎంత గొప్పగా ఉంది అనుకున్నాను! ఇది కండక్టరు రాసిందేనని అందరూ అనుకోవాలి, పుస్తకం వచ్చాక నా పేరు చూసి నోరెళ్లబెట్టాలి అని నా ఆశ.

బీచుపల్లిలో హెప్సిబా చదివింది. ఆ వాక్యం దగ్గరికి రాగానే శ్రీనాథ్ మొహంలో రక్తం లేదు. చదవడం అయ్యేదాకా కూచున్నాడు. తర్వాత లేచి, "నాకు జర పనుంది, పోతున్న" అని ఎవరి వైపూ చూడకుండా రోడ్డు మీదికి వెళ్లిపోయాడు. దెబ్బ గట్టిగా తగిలింది, అంత బాగా రాశానన్నమాట అని నేను లోపల పొంగిపోయాను. ఇంటికి పోయి మా ఆవిడతో కూడా చెప్పుకున్నాను.

తర్వాతి శుక్రవారం శ్రీనాథ్ రాలేదు. ఆ పై శుక్రవారమూ రాలేదు. బృందం వాట్సాప్ నుంచి తప్పుకున్నాడు. ఫోను చేస్తే ఎత్తడు. మగ్గం మీద పండుగ పని ఎక్కువుందేమో అనుకున్నాను. ఆ వారంలోనే స్వరూప షాపుకు వచ్చింది. చేతిలో ఐదో అధ్యాయం కవరు ఉంది. తీసి చూస్తే తెల్ల కాగితాలు.

"నాతోని అయితలేదన్నా. నన్ను తీసేయుండ్రి."

"ఏంటి తీసేసేది? నాలుగు నెలల పని! చివరిది నీది. ఇప్పుడు కాదంటే పుస్తకం ఏం కావాలి?" అని లేచాను నేను.

"చచ్చిన మనిషికి జవాబు ఎట్ల రాయాలె? నువ్వే చెప్పు."

"ఏదో ఒక ఉపాయం చూడు. రచయితవు గదా!"

ఆమె నా మొహంలోకి ఒక నిమిషం చూసింది. "నీకు తెల్వదులే అన్నా" అని వెళ్లిపోయింది. అప్పుడు కూడా నాకు వెలగలేదు. రాయడం కష్టమై ఏడుస్తోంది అనుకున్నాను. కావాలంటే నవ్వుకోండి, నాకు అభ్యంతరం లేదు.

వెలిగించింది హెప్సిబా. ఒక శనివారం మధ్యాహ్నం రెండున్నర దాటాక, ముందు ఫోనయినా చేయకుండా, నాగర్‌కర్నూల్ నుంచి నా షాపులోకి వచ్చి పడింది. ఎండలో నడిచొచ్చిందేమో మొహం ఎర్రగా ఉంది. నీళ్లిస్తే తాగలేదు.

"ఎంకటన్నా, నాలుగోది రాసింది నువ్వే గద?"

"అది చెప్పకూడదు. పద్ధతి..."

"నీ పద్ధతి పాడుగాను! నువ్వా, కాదా?"

"నేనే" అన్నాను. ఆ గొంతు వింటే ఎవరైనా చెప్పేస్తారు.

ఆమె కుర్చీలో కూలబడింది. "నీకు కండ్లున్నయా అన్నా? రెండోది శ్రీనాథ్ రాసిండని నాకు విన్ననాడే తెలిసింది. స్వరూపను అడుగుతుండని తెలిసింది. అందుకే నా దయ్యం తోని గట్ల చెప్పిచ్చిన. స్వరూప అప్పుడే జ్యోతిని అడిగింది, 'చేసుకోనా బిడ్డా' అని. జ్యోతి మా దవాఖానకే ట్రైనింగుకు వస్తది, నాతోని చెప్పింది. 'మా అమ్మ నవ్వి ఎన్నేండ్లయిందో ఆంటీ, నేను సరే అన్న' అన్నది ఆ పిల్ల. ఐదో అధ్యాయంల జవాబు రాద్దామని స్వరూప కూసున్నది. గింతల నువ్వు మనిషిని సంపినవు!"

"సంపితే ఏమైంది? కథ గదా?"

"నిన్న శ్రీనాథ్ నా ఫోన్ ఎత్తిండు. ఎందుకు వస్తలేవని అడిగితే ఏమన్నడో తెల్సా? 'మేడం జవాబు చెప్పింది గద. ఒకరు తగ్గిండ్రని రాసుకున్నది గద. సదివింది నువ్వే గద' అన్నడు. అది స్వరూప రాసిందనుకున్నడు అన్నా! ఆ విజిలు, ఆ కాగితం, అన్నీ కండక్టర్ తప్ప ఎవ్వరు రాయలేరు అన్నడు."

నేను కోరుకున్నది అదే. అందరూ అలాగే అనుకోవాలనే కదా మూడు రోజులు బస్సులో తిరిగింది!

"స్వరూపకు గిది తెల్వదు" అంది హెప్సిబా. "ఆయనే అడిగి, ఆయనే భయపడి దాసుకున్నడని అనుకుంటుంది. నేను చెప్దామంటే నాలుగోది నీదని నాకు రూఢి లేదు. ఇప్పుడు చెప్పుత. సోమవారం ఆయన హైదరాబాద్ పోతుండు, ఏదో షోరూంల మగ్గం ఏసి చూపించే కొలువట. సామాన్లు గూడ సర్దుకుండు."

"నువ్వు చెప్పకు" అన్నాను. "నేను చెప్తాను."

ఆ మాట ఎలా అన్నానో నాకే తెలియదు. అరవై ఏళ్లకు దగ్గరపడ్డవాణ్ణి. తప్పయిందని ఎవరి దగ్గరా ఒప్పుకున్న గుర్తు లేదు. గోడ గడియారం మూడుకు పది నిమిషాలు చూపిస్తోంది. షాపు తాళం హెప్సిబా చేతిలో పెట్టి బస్టాండుకు పరుగెత్తాను.

బస్సు కదులుతుండగా ఎక్కాను. ఎప్పటిలాగే కిటకిట. స్వరూప మధ్యలో ఎక్కడో ఉంది. పెబ్బేరు దాకా ఆమె దగ్గరికి చేరలేకపోయాను. పెబ్బేరులో కాస్త జనం దిగాక తోసుకుంటూ వెళ్లి ఆమె మోచెయ్యి పట్టుకున్నాను.

"చెల్లె, ఒక మాట."

"టికెట్ తీసుకో అన్నా ముందుగాల. మొగోళ్లకు ఊకెనే లేదు."

టికెట్టు తీసుకున్నాను. తర్వాత చెప్పాను. మహేష్‌ను చంపింది నువ్వేనని శ్రీనాథ్ అనుకుంటున్నాడని, అదే నీ జవాబనుకున్నాడని, సోమవారం వెళ్లిపోతున్నాడని. మధ్యలో ఎవరో "గద్వాల రెండు" అన్నారు, ఇంకెవరో ఆధార్ కార్డు చూపించారు. ఆమె అలవాటు కొద్దీ టికెట్లు చించి ఇస్తూనే ఉంది. నేను చెప్పడం అయ్యేసరికి బస్సు బీచుపల్లి వంతెన మీద ఉంది. ఆమె చేతులు ఆగిపోయాయి.

"నేను నీకు ఓపిగ్గ చెప్పిన గదన్నా" అంది మెల్లగా. "ఏది ఎట్ల రాస్తరో, ఏ విజిలు ఎప్పుడో, అన్నీ చెప్పిన. గవే తీసుకపోయి నా గొంతు కోసినవు."

"తిట్టు చెల్లె. ఇంకా తిట్టు."

"తిట్టనీకె టైం లేదు." కళ్లు చొక్కా చేతికి తుడుచుకుంది. ఎర్రవల్లి చౌరస్తాలో దిగేవాళ్లను దించి విజిలు వేసింది. ఆ తర్వాత గద్వాల దాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆమె బస్సు అంత నిశ్శబ్దంగా పోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

గద్వాల బస్టాండులో అరగంట ఆగుతుంది. జనం దిగగానే డ్రైవరు గోపీతో చెప్పింది. "నేను వచ్చేదాక బండి కదిలిందంటే నీ సంగతి చూస్త." ఖాకీ చొక్కాతోనే, భుజాన సంచితోనే ఆటో ఎక్కింది. నేను వెనక ఎక్కాను.

శ్రీనాథ్ ఇల్లు కోట వెనక వీధిలో. అరుగు మీద పక్కింటి జమ్ములమ్మ, డెబ్బై ఏళ్ల ముసలమ్మ, కండెలకు దారం చుడుతోంది. తలుపు తీసే ఉంది. లోపల గోడ పక్కన ట్రంకు పెట్టె, తాడుతో కట్టిన పరుపు చుట్ట. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని శ్రీనాథ్ చివరి చీర నేస్తున్నాడు. స్వరూపను చూడగానే చెయ్యి ఆగింది. ఆమె గడప దగ్గర నిలబడిపోయింది. దారంతా తయారుచేసుకున్న మాటలన్నీ నేను మరిచిపోయాను. గట్టిగా అరిచాను.

"చంపింది నేనే!"

జమ్ములమ్మ చేతిలో కండె కిందపడింది. "ఓ యమ్మో! ఎవర్ని సంపినవయ్యా?"

"మహేష్‌ను!"

"ఏ మహేష్? మా అక్క మనుమడా?"

"కథలో మహేష్‌ను తల్లీ, నువ్వు ఊరుకో!" అని శ్రీనాథ్ వైపు తిరిగాను. "ఆ నాలుగో అధ్యాయం నాది. ఆ వాక్యం నాది. బస్సు సంగతులన్నీ ఈమె దగ్గర అడిగి రాసుకున్నాను. నా మొహానికి బస్సు గురించి ఏం తెలుసు! ఈమెకేం సంబంధం లేదు. తప్పు నాది. నాదే తప్పు." రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే తేలికగా ఉంది.

శ్రీనాథ్ నన్ను చూశాడు. ఆమెను చూశాడు.

"మరి మేడం... మీరు రాసింది తెచ్చిండ్రా?"

"లేదు సార్. రాయలే. రాయను గూడ." స్వరూప గడప దాటి లోపలికి వచ్చింది. "మీరు అడిగిండ్రు. నేను పైకి సదివిన. మీరు అడిగింది నా నోటితోనే నాకు ఇనవడ్డది. ఆ దినం నుంచి నిద్ర లేదు నాకు. నా బిడ్డను అడిగిన, సరే అన్నది. ఇప్పుడు మీకు చెప్తున్న. నాకు ఇష్టమే. నేను దిగే కాడ మీరు నిలవడుండ్రి. నాకు ఇష్టమే."

ఆమె అంత మాట అన్నాక ఆ మహానుభావుడు ఏమన్నాడో వినండి.

"నేను... మంచిగ ఆలోచన చేసి... రాసి పంపుత మేడం."

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. స్వరూప మొహం మాత్రం మారిపోయింది. కోపం, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి.

"మల్ల రాస్తరా? సార్, ఆయన పోయినంక తొమ్మిదేండ్ల సంది మాట్లాడనీకె మనిషి లేక రాసుకుంట బతికిన. దినమంత బస్సుల అరిచి, ఇంటికి పోయి పుస్తకంతోని మాట్లాడిన. ఇప్పుడు మీరు గూడ కాగితమే పంపుత అంటరా? నాకు కాగితం వద్దు. మనిషి గావాలె."

శ్రీనాథ్ మగ్గం దుంగ మీద చేతులానించి గుంటలోంచి లేచాడు. కాళ్లు తిమ్మిరెక్కాయో ఏమో, కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఏదో అన్నాడు. గొంతులోనే ఉండిపోయింది.

"ఇనవడలే" అంది స్వరూప.

"నాకు గూడ ఇనవడలే" అంది అరుగు మీది నుంచి జమ్ములమ్మ.

ఆయన మొహం కందిపోయింది. కళ్లు మూసుకున్నాడు. నాలుగుసార్లు తిరగరాయనిదే ఒక్క వాక్యం బయటపెట్టని మనిషి, వీధి చివరి దాకా వినబడేలా అరిచాడు.

"నేను స్వరూపను పెండ్లి చేసుకుంట! హైదరాబాద్ పోను! ఇప్పుడే ఆమెతోని వనపర్తి పోత! తొవ్వల ఆమె బిడ్డతోని ఫోన్ల మాట్లాడుత!"

ఎదురింటి మగ్గం చప్పుడు ఆగింది. ఎవరో కిటికీ తెరిచారు. స్వరూప మగ్గం పక్కన నేల మీద కూచుని, మొహానికి రెండు చేతులు అడ్డం పెట్టుకుని, గట్టిగా ఏడ్చింది. అడ్డుకునే ప్రయత్నం కూడా చేయలేదు. శ్రీనాథ్ పక్కన కూచున్నాడు. ఏం చేయాలో తెలియక తన భుజం మీది తువ్వాల తీసి ఇచ్చాడు. నేను గోడ వైపు తిరిగాను. నాకూ కళ్లు మండుతున్నాయి, చెప్పడానికి సిగ్గేం లేదు.

సంచిలో ఆమె ఫోను మోగింది. డ్రైవరు గోపీ. బస్సు కదలాల్సిన టైము దాటిపోయింది. స్వరూప తువ్వాలతో మొహం తుడుచుకుని, ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. ఇంకా వెక్కుతూనే ఉంది.

"ఆగు గోపీ, కదిలించకు. వస్తున్నం. ఒక్కదాన్ని గాదు, ఇద్దరం వస్తున్నం."